గొట్టంలో ఒండ్రు

యేసుపాదం పాతసామాన్ల కొట్టులో
తూకానికొచ్చిన ఇత్తడి చెంబుల అడుగున
చచ్చిన ఉడుతపిల్లలా
గుడ్డలో చుట్టి ఉంది.
"ఇది తూకం సరుకు కాదండోయ్, బేరం సరుకు"
ముందే అనేశాడు.
నా కళ్ళు వాడికి తెలుసు.

నరసాపురం స్టీమర్ రోడ్డులో
ముప్పై రెండేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాను.
కంటికి భూతద్దం బిగించి
ఊరివాళ్ళ ఆలస్యాలు సరిచేసే పని.
ఈ జేబు పిస్తోళ్ళ పిచ్చి ఎలా అంటుకుందంటే,
గొలుసు గడియారం వేలాడే కోటుకి
రెండోవైపు జేబులో ఇదీ ఉండేదని
ఎవరో పెద్దాయన అన్నాడు.
ఎడమన కాలం, కుడిన భయం.
అప్పట్నుంచీ నాకు
ఆ రెండో జేబు మీదే ధ్యాస.

ఇప్పటికి మూడు కొన్నాను.
యానాంలో దొరికింది మొదటిది.
సైకిలెక్కిన దొరలు కుక్కల్ని బెదిరించడానికట.
ఆ కుక్కల మునిమనవలు
ఇవాళ్టికీ రేవు రోడ్డుకి అడ్డంగా పడుకునే ఉన్నాయి,
లేవమన్నా లేవవు.
జగన్నాథపురంలో కొన్నదానికి
పిడి ఏనుగుదంతం అన్నాడు అమ్మినాయన.
ఇంటికొచ్చి అద్దం పెట్టి చూస్తే దున్నకొమ్ము.
మూడోదానికి గుర్రం లేదు.
తుపాకీకి గుర్రమేంటండీ, మేతెవరేస్తారూ
అంది పేరిందేవి, మా ఆవిడ.
సూదులు తీయించి, పేలవని కాగితం రాయించి
స్టేషను గోడగడియారం ఊరికే బాగుచేసిచ్చాను.
అది ఇప్పటికీ నాలుగు నిమిషాలు ముందే.

సరే, ఈ నాలుగోది.
సువార్తమ్మ లేసుల పెట్టె అడుక్కెళ్ళిపోయి ఉందట.
వాళ్ళ ముత్తవ్వ దొరసానికి లేసులల్లేది.
పదకొండు నెలల కూలి బాకీపెట్టి
దొరసాని ఓడెక్కుతూ
చేతిసంచీలోంచి తీసి ఇచ్చిందట, ఉంచుకో అని.
రూపాయలు అడిగిన చేతిలో
పిస్తోలు!

ఏం చేసుంటుంది దాంతో?
భూతద్దం పెట్టాక తెలిసింది.
గొట్టం పైన ఒకేచోట
వెంట్రుకంత సన్నటి గాడి.
వశిష్ఠ గాలికి అల్లిక ఎగిరిపోకుండా
అరుగు మీద బరువు పెట్టుకుంది మహాతల్లి.
దారం లాగి లాగి
ఉక్కు అరిగింది.
ఎన్ని గజాలు, ఎన్ని వేసంగులు,
నేను లెక్క కట్టలేదు.

గొట్టం మూతి మాత్రం మూసుకుపోయి ఉంది.
గోదారి ఒండ్రు, నున్నగా, బొటనవేలితో నొక్కినట్టు.
"కందిరీగ కట్టేసిందండి, ఉండండి,
చువ్వెట్టి పొడిచేస్తా" అని లేచాడు.
వద్దన్నాను.
"అలాగైతే అయిదొందలు తగ్గిస్తానండి, ఆయ్."
అదీ వద్దన్నాను.
బేరంలో పుట్టి పెరిగిన మనిషి
నన్ను చూసి జడుసుకున్నాడు.

సఖినేటిపల్లి పంటు మీద
కొబ్బరి బస్తాలకీ మోటారుసైకిళ్ళకీ మధ్య నిలబడి
టిఫిను క్యారేజీ పైగిన్నెలో దాన్ని
ఇంటికి తీసుకెళ్ళాను.
కింది గిన్నెలో పులుసన్నం మిగిలిపోయి ఉంది.
పేరిందేవి చూసింది. ఏమీ అనలేదు.
మర్నాటికి కరెంటు బిల్లుల మీద
బరువుగా ఉంది.
నేనేమీ నేర్పలేదు ఆవిడకి.

శ్రావణం ముసురు తగ్గిన ఓ పొద్దున
కేకేసింది.
ఒండ్రు బిళ్ళకి మినపగింజంత బెజ్జం,
గదిలో గింగిరాలు కొడుతూ ఏదో,
ఆవిడ ఉంగరం వేలు
చూస్తుండగానే వాచింది.

నేను తమలపాకుల పళ్ళెంలోంచి
సున్నం తీసి రాస్తూ ఉంటే
నొప్పికి పళ్ళు బిగించి అంది:
"స్టేషనుకెళ్ళి ఆ కాగితం మార్పించండి.
ఇది పేలుతోంది."